అద్దం చూపించని నాణెం

ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. వాన వెలిసి అరగంటయింది. గాలి లేదు, కిటికీ చువ్వలకు ఇంకా నీటిబొట్లు వేలాడుతున్నాయి. గారడీవాడు అప్పటికే నిలువుటద్దం ముందు నిలబడి, నాణేన్ని ఎడమచేతిలో వేసినట్టు నటించి కుడి అరచేతిలోనే దాచే పనిని నలభయ్యోసారి చేస్తున్నాడు. విరిగిన మణికట్టుకు కట్టు విప్పి రెండు నెలలు. మర్నాడు నాటకశాల మేనేజరు ఆ చేతివాటం చూస్తాడు. నచ్చకపోతే ముప్పై ఏళ్ళుగా అతనిదైన శనివారపు ప్రదర్శన మరొకరికి పోతుంది.

వెనక స్టూలు మీద కూర్చున్న అక్క ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దుతూ జీవితం గడిపిన మనిషి. పదిహేను రోజులుగా తమ్ముడి వేళ్ళ సందున నాణెం తళుక్కుమనడం చూస్తూనే ఉంది. చొక్కా గుండీ పెట్టుకోలేక కన్నీళ్ళు పెట్టుకున్నవాడితో ఆ మాట అనడానికి ఆమెకు నోరు రాలేదు.

"ఎలా ఉందక్కా? వెన్నలా జారిపోవట్లేదూ!"

"జారుతోందిరా. నాకు కనబడేలా జారుతోంది."

"ముందు నీ కళ్ళజోడు మార్పించు. అద్దంలో నేను చూస్తున్నాగా, చుక్కంత కూడా కనబడట్లేదు."

"ఎలా కనబడుతుంది? సరిగ్గా దాచే క్షణంలోనే కళ్ళు మూసుకుంటున్నావు, బడుద్ధాయీ!"

అతను మళ్ళీ చేశాడు. ఈసారి కళ్ళు బలవంతంగా తెరిచి ఉంచాడు. నాణెం తళుక్కుమంది. బలం తగ్గిన బొటనవేలు ఆలస్యమవుతోంది. ఆ ఆలస్యాన్ని చూడలేని కన్ను ఇన్నాళ్ళూ ముందే మూసుకుంటూ వచ్చింది. అతని ముఖం పాలిపోయింది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నీ మొహం చూసి చెప్పలేకపోయాను. అది నా తప్పే."

ఆమె స్టూలు తెచ్చి అద్దానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది. "నన్ను చూస్తూ చెయ్యి. కనబడితే మోకాలి మీద కొడతా."

"ఎవరి మోకాలు?"

"నీదేరా. నాకేమైనా పిచ్చా?"

మధ్యాహ్నానికి అతని మోకాలు కందింది. సాయంత్రానికి మార్పు వచ్చింది. అతను ఆమె కళ్ళలోకి చూస్తుంటే ఆమె చూపు సహజంగానే అతని కళ్ళకు అతుక్కునేది; ఆ క్షణం చాలు, బొటనవేలు తీరిగ్గా తన పని ముగించుకునేది. చివరికి ఆమె చెయ్యి ఎత్తి, కొట్టకుండా ఆగిపోయింది.

"ఏదిరా?" అంది.

అతను నాణెం ఉన్న చేత్తోనే ఆమె చెంప నిమిరాడు.

మర్నాడు మేనేజరు రెండుసార్లు చేయించుకుని చూసి, శనివారాన్ని అతనికే ఉంచాడు.

ఆరేళ్ళ తరువాత, అప్పటికీ రోజూ సాధనలో అతని ఎదురుగా కూర్చునే అక్క కళ్ళకు శస్త్రచికిత్స జరిగింది. కట్టు విప్పేదాకా, తొమ్మిది రోజులు, అతను సాధన చెయ్యలేదు.