మూడు షిఫ్టుల నాన్న

ఆరింటికి కంపెనీ సైరన్ కూసిందంటే టాటానగర్ దగ్గర బర్మామైన్స్‌లో ఇంక పడుకోవడం కుదరదు. సైరన్‌కి లేవనివాణ్ణి పక్కింటి బిందెల చప్పుడు లేపుతుంది, దానికీ లేవనివాణ్ణి పెళ్ళాం లేపుతుంది. పోలరాజు ఇంట్లో ఆ సరికే త్రివేణి టీ గిన్నె దింపి, గ్లాసులు వరసగా పెట్టి, వెనకగది తలుపు వైపు చూస్తూ ఉంటుంది.

తలుపు తీసుకుని ముప్ఫయ్యేళ్ళ కుర్రాడు బయటికొస్తాడు. ఒత్తుగా నల్లటి జుట్టు, భుజం మీద తువ్వాలు, నోట్లో వేపపుల్ల.

"అప్పా, టీ అయిందేటి?"

"అయింది. ముందు మొహం కడుక్కురా."

ఆ కుర్రాడే పోలరాజు, త్రివేణి తండ్రి. త్రివేణికి నలభై ఎనిమిదేళ్ళు. తనకంటే పెద్దగా కనపడే ఆడమనిషిని అక్క అన్నట్టు అప్ప అనక ఇంకేమంటాడు పాపం?

పోలరాజు టాటానగర్ రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేరి, షంటింగ్ మాస్టరుగా దిగిపోయాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు తప్ప ఇంకో గడియారం ఎరగడు. రిటైరయ్యాక ఆయన వయసు కూడా షిఫ్టులవారీగా డ్యూటీకి రావడం మొదలెట్టింది. ఆరు నుంచి రెండు దాకా ముప్ఫయ్యేళ్ళ పోలరాజు. రెండు నుంచి పది దాకా యాభయ్యేళ్ళ పోలరాజు, మీసం నెరిసి, చూపు కరుగ్గా. పదింటి సైరన్ తర్వాత అసలు వయసు ఎంతుందో అంతా మీద పడిన డెబ్భై ఎనిమిదేళ్ళ పోలరాజు. మంగలి పొద్దున్నే వచ్చి జుట్టు కత్తిరించి పోతాడు, రాత్రికైతే కత్తిరించడానికి అక్కడేం ఉండదు. బీపీ మాత్రలు రాత్రాయనవి, కళ్ళజోడు మధ్యాహ్నమాయనది, తువ్వాలు ముగ్గురిదీ.

రెండింటికి సైరన్ కూయగానే కుర్రాడు వెనకగదిలోకి వెళ్ళి ఛార్జి ఇస్తాడు. రైల్వేలో రిలీవర్ రాకుండా ఎవడూ డ్యూటీ దిగకూడదు, ఛార్జి తీసుకోకుండా ఎవడూ ఎక్కకూడదు. "అన్నం తిన్నాను. కుళాయి వాసరు మార్చీసినాను. బల్ల మీద ఏవో మాత్రలున్నాయి, ఎవులివో నాకు తెల్దు" అని లోపల చెప్పడం బయటికి వినిపిస్తుంది. ఓ దగ్గు, కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత యాభయ్యేళ్ళాయన కళ్ళజోడు తుడుచుకుంటూ వస్తాడు.

త్రివేణి తల్లి సన్యాసమ్మకి మాత్రం ఈ సదుపాయం లేదు. ఆవిడ పొద్దున్నా డెబ్భై రెండే, రాత్రీ డెబ్భై రెండే. కుర్రాడు ఆవిణ్ణి అమ్మా అంటాడు. "అమ్మా, సన్నాసి కాడినించి కబురొచ్చిందేటి?" అని రోజూ అడుగుతాడు. అతని లెక్కలో సన్యాసమ్మ నిండుచూలాలు, పురిటికి పలాస దగ్గర పుట్టింటికి వెళ్ళింది. "వత్తాది లేరా, తొందరేటి?" అంటుంది ఆవిడ, మొదట్లో సిగ్గుపడేది, ఇప్పుడు బీన్సు తరుక్కుంటూ తలెత్తకుండా అనేస్తుంది.

ఇలా హాయిగానే జరిగిపోతుండగా సీతారాం ఒకడు వచ్చిపడ్డాడు.

సీతారాం గూడ్సు బండి గార్డు. యాభై రెండేళ్ళు, భార్య పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. భాలుబాసాలో త్రివేణి పనిచేసే టైలరింగ్ షాపుకి యూనిఫాం ప్యాంటు నడుము వదులు చేయించుకోడానికి వచ్చాడు. రెండోసారి అదే ప్యాంటు బిగువు చేయించుకోడానికి వచ్చాడు. మూడోసారి ప్యాంటు లేకుండా వచ్చాడు, చేతిలో లేకుండా లెండి, మీరేదో అనుకోకండి. కుట్టుమిషను పక్కన నిలబడి, "త్రివేణి గారూ, నాకు ఖరగ్‌పూర్ బదిలీ అయింది. సోమవారం జాయినవ్వాలి. మీరొస్తానంటే పెళ్ళి చేసుకుని తీసికెల్తాను. కాని మీ నాన్నగారి నోట ఓ మాట రావాల. తండ్రి ఇవ్వకుండా పిల్లని తెచ్చుకున్నానని అనిపించుకోలేను" అన్నాడు.

నలభై ఎనిమిదేళ్ళొచ్చాక తనని పిల్ల అన్నందుకు త్రివేణికి నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. కావాలనిపించింది. నిజంగా, సిగ్గు విడిచి, కావాలనిపించింది.

ఇంటికొచ్చి అడగడం మొదలెట్టింది. రాత్రాయన్ని అడిగితే, గంజి తాగుతూ, "నీకు పెళ్ళి సేసీసినాను గదే. ఎంత బాగా సేసినాను! ఊరంతా వచ్చినారు" అన్నాడు, జరగని పెళ్ళి గురించి. పొద్దున కుర్రాణ్ణి కదిపితే, "ఆడపిల్ల పుట్టనీ అప్పా, అప్పుడు సూద్దాం" అన్నాడు. మధ్యాహ్నమాయన కళ్ళజోడు మీదుగా చూసి, "ఇరవయ్యేళ్ళు నిండనీ. ముందు తమ్ముడి సదువవ్వాల" అన్నాడు. ఆ తమ్ముడు గమ్హరియాలో ఫోర్‌మన్, వాడి కూతురు ఉజ్వల కాలేజీ కోసం వీళ్ళింట్లోనే ఉంటోంది.

చూశారా చిక్కు? పొద్దున త్రివేణి ఇంకా పుట్టలేదు, మధ్యాహ్నం ఈడు రాలేదు, రాత్రికి పెళ్ళయిపోయింది. మధ్యలో పెళ్ళికి అడగవలసిన వేళ ఏ షిఫ్టులోనూ లేదు.

అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది త్రివేణి. తన వయసెంతో తనకే తెలియకుండా పోయింది. పొద్దున మోకాళ్ళ నొప్పుల అప్ప. రెండు దాటితే నాన్న అడుగుల చప్పుడుకి ఫోను కొంగు కింద దాచే గుంట, ఈడు రాని పిల్ల. రాత్రికి ముసలి బిడ్డకి మూతి తుడిచే తల్లి. ఈ నలభై ఎనిమిదేళ్ళ మనిషిని సీతారాం ఒక్కడే చూశాడు. పోనీ వెళ్ళిపోదామంటే, పొద్దున్నే తలుపు తీసుకొచ్చి అప్పా అని పిలిచేవాడికి ఎవరు పలుకుతారు? 

చివరికి ఉపాయం సన్యాసమ్మే చెప్పింది.

"ఆదోరం మజ్జాన్నం పన్నెండింటికి రమ్మను. పొద్దున్నోడి చేత తాంబూలం ఇప్పించెద్దాం. తండ్రి లేని గుంటకి తమ్ముడు ఇవ్వడా ఏటి?"

"నాన్న ఉన్నాడు కదే అమ్మా!"

"ఉన్నాడు. పొద్దున్నపూట తమ్ముడు."

కుర్రాడికి అప్పని అడగడానికి వస్తున్నారని చెప్పారు. మహా ఉత్సాహపడిపోయాడు. "ఓలమ్మా, ఇన్నాల్లూ నాకు సెప్పలేదేటి!" అని తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు తానే పోయి తెచ్చాడు. ఇల్లు కడిగాడు. చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.

పన్నెండు దాటింది. ఒంటిగంట దాటింది. గూడ్సు గార్డు కదా, ముహూర్తానికైనా వేరే బళ్ళకి దారిచ్చి లూప్ లైన్లో పడుకోవలసిందే. బండిని దారిలో ఎక్కడో ఆపేశారట, సీతారాం చెమటలు కక్కుకుంటూ వచ్చేసరికి రెండు కావస్తోంది. త్రివేణి సంగతంతా ముందే చెప్పి ఉంచినా, కంగారులో గుమ్మంలో కుర్రాడికి దణ్ణం పెట్టి, "నమస్తే మావయ్యగారూ" అన్నాడు.

"మావయ్యేటి? బావా అను! కూకో, కూకో" అన్నాడు కుర్రాడు. ఎదురుగా కూర్చుని యార్డులో కొత్త ఖలాసీని పరీక్ష చేసినట్టు చేశాడు. "తాగుతావా? కోపమొత్తే ఏం చేత్తావు? మా అప్పకి మోకాళ్ళ నొప్పులు, నీల్లు మొయ్యలేదు, తెలుసా?"

"నేను మోత్తాను" అన్నాడు సీతారాం.

ఆ జవాబుకి కుర్రాడు తృప్తిపడి, తాంబూలం పళ్ళెం చేతిలోకి తీసుకుని లేచాడు. అప్పుడు కూసింది సైరన్.

 వెనకగదిలోంచి గొంతు సవరించుకున్న చప్పుడు. ఆయన వచ్చాడంటే అయిపోయినట్టే. ఇరవయ్యేళ్ళు నిండలేదంటాడు, వచ్చినాయన్ని మర్యాదగా సాగనంపుతాడు, సోమవారం బండి వెళ్ళిపోతుంది. కుర్రాడి కాళ్ళు అలవాటుగా వెనకగది వైపు తిరిగాయి. తలుపు దాకా వెళ్ళాడు. పళ్ళెం వైపు చూసుకున్నాడు. ఆగాడు.

"బండి పాయింట్ల మీదుంది" అన్నాడు తలుపులోకి. "మద్దెలో ఛార్జి ఇవ్వకూడదు. నువ్వెల్లి తొంగో. నాను డబల్ డ్యూటీ చేత్తాను."

 లోపల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది, అంతే.

కుర్రాడు వెనక్కి తిరిగాడు. రెండు దాటిన మధ్యాహ్నాన్ని ఆ ఇంట్లో అతను చూడటం అదే మొదటిసారి. పడమటి కిటికీలోంచి ఎండ వచ్చి నేలంతా పరుచుకుంది. దాన్ని కాస్సేపు విడ్డూరంగా చూశాడు. సరిగ్గా అప్పుడు ట్యూషను నుంచి ఉజ్వల లోపలికొచ్చింది. పొద్దున్నపూట అతన్ని తాతా అనకూడదని ఆ పిల్లకి బాగా తెలుసు. కాని రెండు దాటిపోయింది కదా, అదే తప్పయింది.

"బువా, దాదాజీ అభీ తక్ ఏ షిఫ్ట్ మే హై?" అంది, తాతయ్య ఇంకా పొద్దుటి షిఫ్టులోనే ఉన్నాడేమని మేనత్తని అడుగుతూ.

"దాదాజీయా?" కుర్రాడు పళ్ళెం పట్టుకునే నిలబడ్డాడు. "ఈ గుంట నన్ను తాతంటందేటి?"

 ఉజ్వల నాలిక్కరుచుకుంది. సన్యాసమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచింది.

"నీ మనవరాలు గదయ్యా అది."

"నాకు మనవరాలేటి? సన్నాసికి ఇంకా పురుడే..."

"పురుడైపోయింది."

కుర్రాడి మొహం చూడాలి అప్పుడు. "అయిపోయిందా! ఏటి పుట్టింది?"

"ఆడపిల్ల."

"ఆడపిల్లే!" అని నవ్వాడు, గట్టిగా, వీధిలోకి వినపడేలా నవ్వాడు. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. "ఏదీ? ఎవులి పోలిక? నాకు చూపించరేటి?"

సన్యాసమ్మ గడ్డంతో త్రివేణి వైపు చూపించింది.

అతను పళ్ళెం బల్ల మీద పెట్టాడు. త్రివేణి దగ్గరికొచ్చి, ముప్ఫయ్యేళ్ళ చేతులతో ఆ మొహాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు. చెంపల దగ్గర నెరిసిన జుట్టు చూశాడు. కళ్ళ కింద నల్లచారలు చూశాడు. "నా ముక్కే వచ్చీసింది" అన్నాడు మెల్లిగా. త్రివేణి భోరుమంది. పుట్టినందుకు తండ్రి అంత సంతోషపడ్డాడని ఎవరికైనా కళ్ళారా చూసే యోగం ఉంటుందా?

అతను సన్యాసమ్మ వైపు తిరిగాడు. ఆవిణ్ణి చాలాసేపు చూశాడు.

"సన్నాసీ... పురిటి నుంచి ఎప్పుడొచ్చినావే?"

"వచ్చి చానాల్లయింది. నువ్వే డ్యూటీలో ఉన్నావు" అంది ఆవిడ, ముక్కు చీదుకుని.

సీతారాం ఇబ్బందిగా లేచి నిలబడ్డాడు. కుర్రాడు మళ్ళీ పళ్ళెం తీసుకున్నాడు.  "బావన్నాను, తప్పు. అల్లుడుగారూ, నా కూతుర్ని మీకిత్తన్నాను" అని తాంబూలం చేతిలో పెట్టాడు. పెట్టాక ఆ చెయ్యి వదల్లేదు.

"పుట్టిందని ఇప్పుడే తెలిసింది బాబూ. కాసేపు ఉండనిచ్చి తీసికెల్లు."

సీతారాం సాయంత్రం బండి వదిలేసుకుని ఆ తర్వాత బండికి ఒక్కడే వెళ్ళాడు. పెళ్ళి మాఘంలో అని సన్యాసమ్మ తేల్చేసింది. ఆ పూటంతా కుర్రాడు త్రివేణిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడుగుతూనే ఉన్నాడు. ఎప్పుడు నడిచినావు? బళ్ళో ఎవులైనా కొట్టినారా? అమ్మవారు పోసినప్పుడు నాను ఉన్నానా, నైటు డ్యూటీయా? ఆమెకి గుర్తున్నవి ఆమె చెప్పింది, తక్కినవి సన్యాసమ్మ చెప్పింది. కొన్ని ఇద్దరికీ గుర్తులేవు. అవి ఎటుపోయాయో తెలియక ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. పదింటి సైరన్‌కి అతను ఛార్జి ఇవ్వడానికి వెనకగదిలోకి వెళ్ళాడు.

మర్నాడు సైరన్ కూసింది. త్రివేణి టీ దింపి వెనకగది వైపు చూసింది. తలుపు తెరుచుకోలేదు. కాసేపటికి తానే వెళ్ళి తీసింది. మంచం అంచున డెబ్భై ఎనిమిదేళ్ళ పోలరాజు కూర్చుని, చొక్కా గుండీలు పెట్టుకోబోతున్నాడు, కుదరడం లేదు. గదిలో ఇంకెవరూ లేరు. రెండింటి సైరన్‌కీ ఇంకెవరూ రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

ఆమె కూర్చుని గుండీలు పెట్టింది. ఆయన ఆమె మొహంలోకి పరకాయించి చూశాడు. అప్పా అనలేదు, గుంటా అనలేదు, పెళ్ళి చేసేశాననీ అనలేదు.

"తిరపేణీ, నీకు నలభై ఎనిమిదేళ్ళొచ్చీసినాయేటే?"

"వచ్చీసినాయి నాన్నా."

"ఎప్పుడొచ్చినాయే?"

పై గుండీ పెట్టి, కాలరు సరిచేసింది త్రివేణి.

"తెల్దు నాన్నా. నాకూ తెల్దు."