ఆశీలు తీసుకున్నవాడు

రెండు గీతలు, రైలు శివలింగపురం దాటాక ఫోన్లో సిగ్నల్ రెండు గీతలే, ఇవాళ పొద్దున్న పదింటిలోపు ఆ వీడియో తీసెయ్యాలని వీడియోల కంపెనీకి కోర్టు పెట్టిన గడువు, ఇప్పుడు తొమ్మిది దాటింది, నా చేతిలో ఉన్నదల్లా నలభై శాతం ఛార్జింగు, ప్లాస్టిక్ కవరులో ఉత్తర్వు నకలు, బూడిద పట్టించిన రాజ్మా గింజల మూట, ఎదురు సీట్లో రత్న, అంతే, ఇంత సరుకుతో అంత పెద్ద కంపెనీ మీదకు వెళ్ళినవాడు అరకు సంతలో ఇంకొకడు ఉండడు, ఇదిగో సొరంగం, ఆ రెండు గీతలూ పోయాయి.

చీకట్లో మళ్ళీ అదే వీడియో కళ్ళ ముందు, నా కొట్టు అరుగు మీద రత్న విత్తనాల రాజ్మాలో పొయ్యి బూడిద కలుపుతోంది, పురుగు పట్టకుండా ఆ కొండల్లో ప్రతి ఇంట్లో చేసే పనే, మోటారుసైకిలు మీద వచ్చిన టూరిస్టు ఎవడో నవ్వుతూ తీసుకున్నాడు, నా చేతి టీ కూడా తాగాడు, సాయంత్రానికి అది అరకు రాజ్మాలో బూడిద కల్తీ అన్న వీడియో అయిపోయింది, ముందు రత్న ముఖం, వెనక నా కొట్టు బోర్డు, తొమ్మిది లక్షల మంది చూశారు, విశాఖ హోటళ్ళు ఇరవై రెండు కుటుంబాల పంట వద్దన్నాయి, ఆ ఇరవై రెండు కుటుంబాలనూ సంఘంగా కట్టింది రత్నే, సంతలో ఆమెను బూడిద రత్న అని పిలవడం మొదలుపెట్టారు, కంపెనీకి ఫిర్యాదు పెట్టాను, పదకొండుసార్లు పెట్టాను, మా నియమాలకు విరుద్ధంగా ఏమీ లేదని పదకొండుసార్లూ ఒకే జవాబు, అప్పుడు రత్న తనే ఒక వీడియో పెట్టింది, గుప్పెట్లో బూడిద చూపించి, ఇది విత్తనానికి, తినే గింజలు వేరే గోనెలో ఉంటాయి అని ఓపిగ్గా చెప్పింది, రెండు గంటల్లో దాన్ని తీసేశారు, మత్తుమందు అమ్ముతోందట, గంజాయికి పేరుపడ్డ ఏజెన్సీ, చేతిలో పొడి, వీడియోలు జల్లెడ పట్టే వాళ్ళ మెషినుకు అంతే చాలింది, ఏటి సావుకారూ, అబద్ధానికి సోటిచ్చి నిజాన్ని గెంటేత్తారా అంది రత్న, వకీలు హేమలతగారికి ఫోన్ చేశాను.

వెలుగు, లోయ, తడిసిన సిల్వర్ ఓక్ చెట్లు, ఒక్క గీత వచ్చి పోయింది, మళ్ళీ సొరంగం, మొన్న కోర్టులో ఆ కంపెనీ వకీలు ఎంత నున్నగా మాట్లాడాడని, మాది ఖాళీ స్థలం లాంటిది, ఎవరొచ్చి ఏం పరుచుకుంటే మాకేం సంబంధం అన్నాడు, స్థలం సంగతి నాకు చెబుతాడా, పదిహేనేళ్ళ కిందట సంతను వేలంపాటలో పాడుకుని, కూర్చున్న ప్రతి బుట్టకూ ఏడాదంతా ఆశీలు వసూలు చేసినవాణ్ణి నేను, ఆ ఏడే ఒకడు కుళ్ళిన ఎండుచేపలు అమ్మాడు, తిన్నవాళ్ళు మంచాన పడ్డారు, ఊరి పెద్ద భీమన్న నన్ను పంచాయితీలో నిలబెట్టాడు, అమ్మింది నేను కాదు కదా అన్నాను, అచ్చం ఈ వకీలు మాటే, భీమన్న చుట్ట పక్కన పెట్టి, పొద్దున్న నీకు తెల్దు, నిజిమే, మజ్జాన్నం నానొచ్చి సెప్పినాను, సందేళ దాకా ఆడినెందుకు కూకోబెట్టినావు, ఆడికాడ ఆశీలు తీసుకున్నావు కదా అన్నాడు, తప్పు సొమ్ము కట్టాను, ఏడుస్తూ కట్టాను, పదిహేనేళ్ళకు ఆ మాట పనికొచ్చింది, లేచి నిలబడ్డాను, హేమలతగారు చొక్కా పట్టి లాగుతున్నా వినలేదు, చెప్పనివ్వండి అన్నారు జడ్జిగారు, అయ్యా, ఆ వీడియో ముందు ప్రకటన వస్తుంది, దానికి వీళ్ళు డబ్బు తీసుకుంటారు, అదే ఆశీలు, మొదటిరోజు వీళ్ళకు తెలియదు, ఒప్పుకుంటాను, పదకొండుసార్లు చెప్పాక కూడా కూర్చోబెట్టారు, ఇక జవాబు వీళ్ళది కాదా అన్నాను, రత్న మూట విప్పి జడ్జిగారి ముందే గ్లాసు నీళ్ళలో గింజలు కడిగింది, బూడిద అడుక్కి దిగింది, గింజలు ఎర్రగా మెరిశాయి, టైపు కొట్టే ఆయన కూడా మెడ చాచి చూశాడు, ఒకటి తియ్యండి, రెండోది తిరిగి పెట్టండి, ఇకమీదట ఆమెను అడగకుండా ఆమె మాట తియ్యకండి అని ఉత్తర్వు, నా జన్మలో అంత పెద్ద బేరం ఎప్పుడూ గెలవలేదు.

గెలిచిన ముఖంతో కూర్చున్నాను కాబోలు, రత్న నన్నే చూస్తోంది, సావుకారూ, మా అమ్మ బుట్ట నువ్వే కదా తీయించేసినావు అంది, ఏ బుట్ట అన్నాను, పుట్టగొడుగుల బుట్ట అంది, అవును, ఎండుచేపల తప్పు కట్టిన మరుసటి వారమే, భయం వేసి, తెలియని సరుకు కనిపిస్తే చాలు లేపేశాను, పద్నాలుగు కిలోమీటర్లు నడిచొచ్చిన వాళ్ళమ్మ చిన్నమ్మలు బుట్టను సంత గట్టు అవతల పెట్టించాను, పక్కన ఒక గుంటపిల్ల నిలబడి చూసింది, ఆ గుంట ఈ రత్నే, నాకప్పుడు ఎనిమిదేళ్ళు అంది, రెండ్రోజులు మేమే తిన్నాం, ఒక్కరికీ ఏటీ అవలేదు అని నవ్వింది, నాకు నవ్వు రాలేదు, ఇన్నాళ్ళూ ఆ మెషినును తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి, అది చేసింది నేను చేసిందే, అడగలేదు, మూత తీసి చూడలేదు, తప్పు నా మీదకు రాకుండా బుట్టను నెట్టేశాను, ఇన్నేళ్ళుగా తెలిసీ ఈమె నా అరుగు మీదే కూర్చుని గింజలు కలిపింది.

బొర్రా, ప్లాట్‌ఫారం మీద కోతులు, పదికి ఐదు నిమిషాలుంది, నాలుగు గీతలు, ఆ టూరిస్టు వీడియో నొక్కాను, తెర నల్లగా, ఇది అందుబాటులో లేదు, ఇంకోసారి నొక్కాను, లేదు, రత్నది నొక్కాను, గుప్పెట్లో బూడిదతో రత్న, వచ్చేసింది, పెట్టెలో అందరూ తిరిగి చూసేలా అరిచానేమో, ఆమె ఫోన్ మోగింది, హోటలువాళ్ళే, ఆ వీడియో చూశారట, పంట మళ్ళీ తీసుకుంటారట, విత్తనాలు కూడా కావాలట వాళ్ళ ఊళ్ళో వెయ్యడానికి, అవునండీ, బూడిద రత్ననే మాటాడతన్నాను అంది, మెడ నిటారుగా పెట్టి, ఆ పేరు ఇక తిట్టు కాదు.

రైలు కదిలింది, శుక్రవారం సంతకు మీ అమ్మను రమ్మను, పుట్టగొడుగులతో, నా అరుగు మీద చోటిస్తాను అన్నాను, ఆశీలు ఎంతేటి అంది, వద్దనబోయాను, ఆగాను, వద్దంటే రేపు ఎవడైనా వేలు చూపిస్తే నాకేం సంబంధం అని తప్పుకునే దారి ఒకటి ఉంచుకున్నట్టే, గుప్పెడు పుట్టగొడుగులు అన్నాను, అవి తీసుకుని మా ఇంట్లో వండిస్తాను, ఎవరైనా ఏమైనా అంటే ముందు చిన్నమ్మల్ని అడుగుతాను, ఆ తరువాత నేనే జవాబు చెబుతాను, ఛార్జింగు పన్నెండు శాతానికి దిగింది, మూటలో గింజలు సగం కోర్టులోనే పోయాయి, వచ్చినది లెక్క వేస్తే, ఒక అబద్ధం దిగిపోయింది, ఒక నిజం తిరిగి వచ్చింది, పదిహేనేళ్ళ కిందట గట్టు అవతల పెట్టించిన బుట్ట శుక్రవారం నా అరుగెక్కుతుంది.