తెరెరే పోసే చెయ్యి

"మెల్లగా దంచవే తల్లీ, ఆకునేమన్నా చంపుతున్నావా?" అంది అత్తగారు నికాసియా, మంచం మీంచి లేవకుండానే.

సునీల్దా రోకలి ఆపింది. చెక్కరోలు మోకాళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది. అందులో అత్తగారి మూత్రపిండాలకి గుర్రపుతోక గడ్డి, మొగుడి కడుపుమంటకి కోకూ ఆకు, రాత్రి బీరు తాగొచ్చిన మరిది తల దిమ్ముకి పుదీనా. అక్కడ ఫిబ్రవరంటే నడివేసవి, ఎండలు పిరాయూ ఊరిని మాడ్చేస్తున్నాయి. ఎవరి నొప్పికి వాళ్ళకి విడిగా దంచి, విడివిడి ఫ్లాస్కుల్లో ఐసునీళ్ళలో వేసి, యెర్బా ఆకుపొడి నింపిన కొమ్ముగ్లాసూ, పీల్చడానికి జల్లెడ గొట్టమూ పక్కన పెట్టి సిద్ధం చేస్తే తప్ప ఆ ఇంట్లో ఎవరి పగలూ మొదలవదు. తెల్లవారకముందు అదే పొడిలో వేడినీళ్ళు పోసుకుని తాగిన మాతే లెక్కలోకి రాదు. అదీ ఆమె పెట్టిందే. పగలంతా నడవాలంటే ఈ ఐసునీళ్ళ చల్లటి తెరెరే ఉండాలి.

మొగుడు విల్ఫ్రీదో తువ్వాలు భుజాన వేసుకుని వసారాలోకి వచ్చాడు. మోటారుసైకిళ్ళ షెడ్డుకి బయల్దేరే వేళ.

"ఇవాళేనా నీ పరీక్ష?"

"పరీక్ష కాదు. ఇంటర్వ్యూ."

"ఏదో ఒకటి. హెడ్‌మిస్ట్రెస్సువి అయ్యావనుకో, సాయంత్రం ఎన్నింటికొస్తావ్ ఇంటికి?"

"ఇప్పుడెన్నింటికొస్తున్నాను? నువ్వెప్పుడైనా చూశావా?"

"అబ్బ, పొద్దున్నే మొదలెట్టకే. నేనేం వద్దనట్లేదుగా. వెళ్ళు. ఇంటికి ఇబ్బంది లేకుండా చూసుకో, అంతే."

నేనేం వద్దనట్లేదుగా. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ మాట ఆమె చెవుల్లో ఎన్నిసార్లు పడిందో! టీచరు శిక్షణకి వెళ్తానన్నప్పుడూ ఇదే అన్నాడు. రాజధాని అసున్సియోన్‌లో వారం రోజుల వర్క్‌షాపుకి పిలుపొచ్చినప్పుడూ ఇదే. వద్దనలేదు. ఎవరూ ఏనాడూ వద్దనలేదు. వద్దని ఉంటే ఎదిరించడానికైనా ఒక గోడ ఉండేది. కానీ ఈ ఇంట్లో గోడల్లేవు, అన్నీ తలుపులే, ప్రతి తలుపు దగ్గరా ఎవరో ఒకరు ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంటారు. వర్క్‌షాపుకి వెళ్ళే ముందు కర్రపెండలం ఉడకబెట్టి, వారానికి సరిపడా ఆకులు ఎండబెట్టి, బట్టలన్నీ ఉతికి ఆరేసేసరికి బస్సు వెళ్ళిపోయింది. విల్ఫ్రీదో అప్పుడు నిజంగానే బాధపడ్డాడు. "అయ్యో, నేను వద్దనలేదే!" అన్నాడు.

ఆమె పాఠాలు చెప్పే బడి చర్చివాళ్ళది. పాత హెడ్‌మిస్ట్రెస్సు జబ్బుపడి మంచాన ఉన్న ఏడాదంతా బడిని నడిపింది సునీల్దానే. జీతం టీచరుదే, కుర్చీ మాత్రం ఖాళీగా ఉండేది, ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని పని చేసేది. ఇప్పుడు ఆ కుర్చీకి ఇద్దరు పోటీ. ఒకరు ఆమె. ఇంకొకరు ఆటల మాస్టారు అర్సేనియో. తన తర్వాత చాలా ఏళ్ళకి బడిలో చేరినవాడు, చెడ్డవాడేం కాదు, పిల్లలకి అతనంటే ఇష్టం కూడా.

ఆఫీసు గదిలో ముగ్గురు కూర్చున్నారు. ఊరంతా పయీ అని పిలిచే ఫాదర్ ఎలీహియో, తల్లిదండ్రుల సంఘం అధ్యక్షుడు దోన్ బెర్నబే, జిల్లా నుంచి వచ్చిన సూపర్‌వైజరు ఎర్మెలిందా. ఫ్యాను వేడిగాలినే తిప్పుతోంది. ఒక ఆడమనిషి కూడా ఉందని చూసి సునీల్దా మనసు కాస్త కుదుటపడింది.

"రా రా, ప్రొఫే," అన్నాడు దోన్ బెర్నబే, టీచర్లని ఊరంతా పిలిచే పిలుపుతో. బల్లమీద అతని ఫ్లాస్కు, కొమ్ముగ్లాసు, ఆకుల పొట్లం ఉన్నాయి. "మేం ముగ్గురం పోసుకుంటే చేదు కషాయం అవుతోంది. నీ చేతిదైతే ఆ రుచే వేరు. కాస్త కలిపి పెట్టవూ, మాట్లాడుకుంటూ తాగుదాం."

"పుదీనా ఎక్కువైతే నాకు పడదు, తక్కువ వెయ్యండి, సరేనా," అంది ఎర్మెలిందా, కాగితాల్లోంచి తలెత్తకుండా.

ఒక్క నిమిషం పనే కదా అనుకుంది సునీల్దా. యెర్బా పొడిని గ్లాసులో ఒక పక్కకి వాల్చి, గొట్టం దింపి, ఆనవాయితీ ప్రకారం మొదటి పోత సెయింట్ తోమాస్‌కని ఆకుల్లోకి ఇంకనిచ్చింది. రెండోది పయీకి. ఆయన పీల్చి తిరిగిచ్చాడు. మూడోది దోన్ బెర్నబేకి. నాలుగోది ఆవిడకి. మళ్ళీ పయీకి. పోసేవాళ్ళకీ ఒక వంతు ఉంటుంది, కానీ ఆ వంతు వచ్చేసరికి ఎవరో ఒకరు చెయ్యి చాపుతూనే ఉన్నారు. ఈ పని నిమిషంలో అయ్యేది కాదు. పొడి తేలిపోకుండా, గొట్టం కదలకుండా, నీళ్ళు ఒకే చోట సన్నగా పడేలా చూడాలి. చూపు పక్కకి పోతే పొర్లుతుంది.

"సరే, చెప్పు ప్రొఫే," అన్నాడు పయీ. "ఈ బడికి నువ్వేం చేద్దామనుకుంటున్నావు?"

ఆమె సరిగ్గా అప్పుడే నీళ్ళు ఒంపుతోంది.

"మూడో తరగతి పిల్లలు, పయీ..." అంది గ్లాసు వైపే చూస్తూ. "ఇంట్లో వాళ్ళకి గ్వారానీ తప్ప మాట రాదు. మనమేమో వాళ్ళు బడికొచ్చిన రోజు నుంచే స్పానిష్‌లో మొదలెడతాం. రెండేళ్ళు బిక్కమొహాలేసుకుని కూర్చుని, మూడో ఏటికి పూర్తిగా మూగబోతున్నారు. మొదటి రెండేళ్ళూ వాళ్ళ మాటలోనే చదవడం నేర్పితే..."

"ఇటివ్వు, ఇటివ్వు, వేడెక్కిపోతుంది," అన్నాడు దోన్ బెర్నబే.

ఇచ్చింది. ఎక్కడ ఆపిందో వెతుక్కుంది. వారం రోజులుగా రోలు ముందు కూర్చుని, రోకటిపోటుకొక వాక్యం చొప్పున తనలో తను చెప్పుకున్న మాటలు. ఏ పిల్ల ఏ రోజు ఏ పదం దగ్గర ఆగిపోయిందో కూడా ఆమెకి గుర్తుంది. కానీ చేతిలోకి ఖాళీ గ్లాసు తిరిగొచ్చేసరికి సగం వాక్యం ఎగిరిపోయింది. మళ్ళీ పోసింది. మళ్ళీ మొదలెట్టింది.

"బావుంది, బావుంది," అన్నాడు పయీ. "ఐసు అయిపోయినట్టుంది చూడమ్మా."

బడి వంటగదిలో ఫ్రిజ్జు ఉంది. ఫ్లాస్కు నింపుకుని ఆమె తిరిగొచ్చేసరికి ఆఫీసు తలుపు ఓరగా ఉంది. ఎర్మెలిందా గొంతు వినిపించింది.

"మంచి మనిషే, పాపం. కష్టపడుతుంది కూడా. కానీ ఆ కుర్చీకి ధైర్యం కావాలి. మీరూ చూశారుగా, అడిగినదానికి తలెత్తి మొహం చూసి జవాబు చెప్పలేకపోతోంది."

"ఇంకో మాట," అన్నాడు దోన్ బెర్నబే నవ్వుతూ. "ఈవిణ్ణి ఆ కుర్చీలో కూచోబెడితే మనకి తెరెరే పోసేదెవరు?"

పయీ కూడా నవ్వాడు.

ఫ్లాస్కు చల్లదనం సునీల్దా వేళ్ళలోంచి మోచేతిదాకా పాకింది. తలెత్తలేదట. తలెత్తితే మీ చొక్కాల మీద పొర్లేది కాదా, దొరసానీ? లోపలికెళ్ళి ఆ మాటే అనాలనుకుంది. తలుపు తోసింది. ముగ్గురూ మాటలాపి ఆమె వైపు, ఆమె చేతిలోని ఫ్లాస్కు వైపు ఇష్టంగా చూశారు. ఆమె కూర్చుని మళ్ళీ పోసింది. ఎర్మెలిందా అడిగినట్టే, పుదీనా తక్కువగా.

ఆ తర్వాత ఎన్ని రోజులైనా ఆమెని కాల్చింది వాళ్ళ నవ్వు కాదు. విని కూడా పోసిన తన చెయ్యి.

కుర్చీ అర్సేనియోకి ఇచ్చారు.

"పోనీలే," అన్నాడు విల్ఫ్రీదో. "లేనిపోని గొడవ తప్పింది. నేనైతే వద్దనలేదు, గుర్తుంచుకో."

నికాసియాకి నిజంగానే జాలేసింది. సంతకెళ్ళి మూలికలమ్మేవాళ్ళ దగ్గర ఏరి ఏరి ఒక కట్ట తెచ్చింది. "నిద్రపోవట్లేదు నువ్వు. ఉడుకు రక్తం. ఈ తీగ ఆకు నరాలకి మంచిది, నాలుగు రోజులు తాగితే అన్నీ సర్దుకుంటాయి," అని కోడలి ఒళ్ళో పెట్టింది. దంచుకోవాల్సింది కోడలే. పనిలో పనిగా తన గుర్రపుతోక గడ్డి కూడా దంచమంది.

వేసవి సెలవులయ్యి బడి తెరిచిన రోజు విరామంలో, ఆవరణలోని మామిడిచెట్టు కింద టీచర్లందరూ కుర్చీలు గుండ్రంగా వేసుకున్నారు. ఫ్లాస్కు, గ్లాసు ఎవరో అలవాటుగా సునీల్దా ముందు పెట్టారు. అర్సేనియో వచ్చి పక్కన కూర్చున్నాడు. కొత్త చొక్కా, మొహంలో కొంచెం బెరుకు.

"సునీ ప్రొఫే, నువ్వున్నావనే నా ధైర్యం," అన్నాడు. "పయీ చెప్పాడు, ఆ మూడో తరగతి పిల్లల గురించి నువ్వేదో మంచి ఆలోచన చేశావట. కాస్త రాసివ్వవూ? మీటింగులో నేను చదువుతాను."

అంటూనే అలవాటు ప్రకారం చెయ్యి చాపాడు. మొహం అటు తిప్పి ఎవరితోనో ఫుట్‌బాల్ కబుర్లలో పడ్డాడు. చెయ్యి మాత్రం గ్లాసు కోసం గాల్లో అలాగే తెరుచుకుని ఉంది.

సునీల్దా ఆ చేతినే చూసింది. గ్లాసు నింపింది. గొట్టం తన నోట్లో పెట్టుకుని నిదానంగా, అడుగు గరగరమనేదాకా పీల్చింది. మళ్ళీ నింపింది. మళ్ళీ తనే తాగింది. పుదీనా చల్లదనం గొంతులోంచి గుండెలోకి దిగింది. ఎంత బాగుందో! ఇన్నాళ్ళూ తన చేతి రుచి తనకే తెలీదు.

అర్సేనియో కబుర్లు మధ్యలో వదిలేసి ఇటు తిరిగాడు.

"రాసివ్వను," అంది తలెత్తి, అర్సేనియో కళ్ళలోకి చూస్తూ. "నేనే చెప్తాను. ఇక్కడే. వినండి."

గ్వారానీలోనే చెప్పింది. ఏ పిల్ల ఏ పదం దగ్గర ఆగిపోయిందో పేర్లతో సహా చెప్పింది. మధ్యమధ్య ఆగి, గ్లాసు నింపుకుని, తాగి, మళ్ళీ అక్కడి నుంచే అందుకుంది. ఒక్క వాక్యం కూడా ఎగిరిపోలేదు. అర్సేనియో చెయ్యి కాసేపు గాల్లో తచ్చాడి, ఏం చెయ్యాలో తెలీక అతని మోకాలి మీదికి చేరింది.

వరసలో వంతు ఎవరిదైనా సరే, తాగేవాళ్ళు 'థాంక్స్, చాలు' అనేదాకా గ్లాసు వాళ్ళకి వస్తూనే ఉండాలి. ఆ ఊళ్ళో అది అందరూ పాటించే మర్యాద.

"ప్రొఫే..." అంది చివర కుర్చీలోంచి కొత్త టీచరమ్మ, మొహమాటంగా నవ్వుతూ. "మాక్కూడా ఇస్తావా మరి?"

సునీల్దా ఫ్లాస్కు వంచింది. నీళ్ళు సన్నగా, ఒకే చోట పడ్డాయి. ఈసారి ఆమె గ్లాసు వైపు చూడలేదు.

"నేనింకా చాలనలేదు," అంది.