మేనమామ గడ్డం మీద పరీక్ష

మేనమామ గడ్డం ముందు ఇనుప బ్రష్షు కూడా సిగ్గుతో తల దించుకోవాలి. దాన్ని చూడగానే ఒకసారి బ్లేడు తనంతట తానే విరిగి కింద పడిందట. చూసినవాళ్ళు ఇంకా దొరకలేదు గానీ, చెప్పేవాళ్ళు బోలెడుమంది. అలాంటి గడ్డానికి నురగ పూస్తోంది దువ్వెన.

దువ్వెన అన్నది ముద్దుపేరు, ఆ సెలూను యజమాని బిడ్డ. కొడుకుగా పుట్టి, నాలుగేళ్ళ కిందట కూతుర్నని చెప్పి ఇల్లు వదిలి, ఆడదానిగా బతికి, పోయిన నెలలో జుట్టు కత్తిరించుకుని చొక్కా, ప్యాంటుతో తిరిగొచ్చింది. ఇప్పుడు కావలసింది ఒక్కటే, కిటికీ పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ దగ్గర పని. ఆ సెలూనుకో పద్ధతుంది. చాన్నాళ్ళు కత్తి పట్టనివాళ్ళు ముందు చుట్టం గడ్డం గీయాలి. తెగినా కారేది ఇంటి రక్తమే కదా!

సగం ముఖం నున్నగా తేలాక మామయ్య నోరు తెరిచాడు. వరసగా కూర్చున్న గిరాకీలు పేపర్లు దించారు.

"ఒరేయ్, తప్పయిపోయిందని అందరి ముందూ ఒక్క మాట అను. మీ నాన్నతో చెప్పి కుర్చీ ఇప్పిస్తా."

ఒక్క మాట. దువ్వెనకు నాలుక చివరిదాకా వచ్చింది కూడా. మింగేసింది.

"తల కదపకు మామయ్యా."

"మీవాళ్ళంతా చివరికి ఏడుస్తూ వెనక్కే వస్తారటగా?"

"ఎవరన్నారు? నాకు తెలిసినవాళ్ళు ముప్పైమంది. వెనక్కొచ్చింది ముగ్గురం. ఒకామెకు మందులు ఒంటికి పడలేదు. ఒకతనికి ఇది తన దారి కాదని నిజంగానే తెలిసింది. బాగా బాధపడ్డాడు పాపం, ఇప్పుడు కుదుటపడ్డాడు."

"మరి నువ్వు?"

"తొమ్మిది సెలూన్లు తిరిగాను. గౌను వేసుకుని కత్తి పడితే గొంతు అప్పగించే మగాడే లేడు! నాకు విసుగొచ్చింది జనంతో, నాతో కాదు. ఆకలేసి వచ్చాను."

గిరాకీల్లో ఒకడు కిసుక్కుమన్నాడు. మామయ్య భగ్గుమని లేచాడు. "అయితే ఈ చేతి కింద నేనుండను!"

"నీ ఇష్టం," అంటూ దువ్వెన అద్దం చూపించింది. అందులో ఒకవైపు పెళ్ళికొడుకు, ఇంకోవైపు ఎలుగుబంటి.

"బావా, నువ్వు గీసెయ్," అన్నాడు మామయ్య పక్కకు తిరిగి.

పక్క కుర్చీ దగ్గర క్రాఫు చేస్తున్న తండ్రి తల తిప్పలేదు. "ఒకరు మొదలెట్టింది నేను ముట్టను. కూర్చో బావమరిదీ, నురగ ఆరిపోతోంది."

మామయ్య కూర్చున్నాడు. గీయడం పూర్తయ్యేదాకా ఊపిరి కూడా వాయిదాల్లో పీల్చాడు.

తండ్రి వచ్చి, బావమరిది చెంప మీద బొటనవేలిని కిందినుంచి పైకి రుద్దాడు. గరుకు లేదు, గాటు లేదు. పటిక ముక్క దువ్వెన చేతిలో పెట్టాడు.

"మళ్ళీ జుట్టు పెంచుతావా?"

దువ్వెన పటికను మామయ్య చెంపకు రాసింది. "పెంచుతాను నాన్నా."

"పెంచితే ముడేసుకో. గిరాకీ నురగలో పడకూడదు," అని, కిటికీ పక్క కుర్చీని తువ్వాలుతో దులిపి, "తర్వాత ఎవరయ్యా?" అని కేకేశాడు.