అవ్వ ఎడమ చెయ్యి

పంపేసిన పనిని మళ్ళీ చూడకూడదని స్టూడియోలో క్రాంతి ఎప్పుడూ అంటుండేవాడు. సుజన చూసింది. 2007 ఏప్రిల్‌లో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, యాకుత్‌పురాలో తండ్రితో ఉండే రెండు గదుల ఇంట్లో కూర్చుని, యానిమే అనే జపాన్ బొమ్మల సీరియల్ సీడీని సరదాకే పెట్టుకుంది. ఆ యానిమే ఆధారంగా తయారవుతున్న పోరాట వీడియో గేమ్‌లో ఒక పాత్రను ఆమె గీసింది. నాలుగు నెలల పని. మూడు వారాల కిందటే టోక్యోకి వెళ్ళిపోయింది.

ఆ పాత్ర ఒక ముసలామె. పడవలు కట్టే ఇనుప గొలుసే ఆమె ఆయుధం. జపాన్ పేరు పలకడం కష్టమై స్టూడియోలో అందరూ ఆమెను అవ్వ అనేవారు. అవ్వ చేతి మీద పెద్ద కాలిన మచ్చ ఉంటుంది. మండుతున్న పడవలోంచి కూతుర్ని లాగినప్పుడు ఎర్రగా కాలిన గొలుసు పట్టుకుంది. ఆ మచ్చ కథ కోసమే యానిమేని మళ్ళీ మళ్ళీ చూసేవాళ్ళు వేలమంది ఉన్నారు.

టోక్యోవాళ్ళు పంపిన నమూనా బొమ్మల్లో అవ్వ చేతులు పొడుగు చేతుల అంగీలో దాగి ఉన్నాయి. అందుకని మచ్చ కోసం సుజన యానిమేలోంచే ఒక దగ్గరి దృశ్యాన్ని ఏరుకుంది. మచ్చ ఉన్నది కుడి చేతికి. ఆ బొమ్మను బల్ల ముందు అంటించుకుని, చూస్తూ గీసింది.

ఇప్పుడు అదే దృశ్యం టీవీలో వచ్చింది. అవ్వ చెయ్యి, వేళ్ళు, మచ్చ. తర్వాత దృశ్యం మెల్లగా వెనక్కి జరిగింది. అవ్వ అద్దం ముందు కూర్చుని ఉంది. సుజన ఏరుకున్నది అద్దంలోని చెయ్యి.

మచ్చ ఎడమ చేతికి ఉండాలి.

ఆమె సీడీ ఆపి, మళ్ళీ వేసి, మళ్ళీ ఆపింది.

పోరాట గేముల్లో బొమ్మను మామూలుగా ఒక వైపు తిరిగి ఉన్నట్టే గీస్తారు. అది రెండో వైపుకు దూకితే యంత్రమే దాన్ని అద్దంలోలా తిప్పి చూపిస్తుంది. అలా తిప్పినప్పుడు ఎడమ చేతి మచ్చ కుడి చేతికి వచ్చేస్తుంది. అవ్వకు అలా జరగకూడదని, రెండు వైపులా విడివిడిగా గీయమన్నది క్రాంతే. బొమ్మల విభాగానికి అతనే పెద్ద. విజయవాడ నుంచి వచ్చి బేగంపేటలో ఆ చిన్న స్టూడియోలో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాడు. పన్నెండుమంది ఉన్న ఆ స్టూడియోకి పోరాట గేమ్ దక్కడం అదే మొదటిసారి. రెట్టింపు కష్టపడి సుజన నాలుగు వందల బొమ్మలు గీసింది. నాలుగు వందల్లోనూ మచ్చ తప్పు చేతికే ఉంది.

సోమవారం చెబుదామనుకుంది. సోమవారం క్రాంతి మంచి హుషారుగా ఉన్నాడు, చెప్పలేదు. మంగళవారం తలనొప్పి అన్నాడు, చెప్పలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ కూర్చుని, ఇలాంటి గేముల మీద పాత్రికేయులు రాసిన సమీక్షలన్నీ చదవడం మొదలుపెట్టింది. ఒకచోట అంగీ గుండీ రంగు మారిందని పేరా రాశారు. ఇంకోచోట, ఈ గేమ్ చేసినవాళ్ళు అసలు యానిమే చూసే ఉండరని ఎద్దేవా చేశారు. ఆ వాక్యం రోజంతా ఆమె తలలో తిరిగింది.

పదో రోజు పొద్దున తండ్రి ఆమె ముందు ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. ఇశ్రాయేలు రైల్వేలో కీమ్యాన్. రోజూ యాకుత్‌పురా స్టేషన్ నుంచి ఉప్పుగూడ దాకా పట్టాల వెంట నడుస్తూ, ఎక్కడ ఏది వదులైందో చూసి బిగించడం ఆయన పని.

"ఏమైంది బిడ్డా? వారం సంది సూస్తున్న. కంచంల చెయ్యి పెడ్తవ్, లేస్తవ్."

"ఏం లేదు బాపూ."

"ఏం లేకుంటే తిను మరి."

ఆమె తినలేకపోయింది. మొత్తం చెప్పేసింది. గేమ్ సంగతి ఆయనకు సగమే అర్థమైంది గానీ, అద్దం సంగతి వెంటనే అర్థమైంది.

"ఎవలకన్న జెప్పినవా?"

"లే. జెప్తే కొలువు పోతదేమో. జెప్పకుంటే వాళ్ళే పట్టుకుంటరు, అందరు కలిసి నవ్వుతరు."

ఇశ్రాయేలు పీట ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు.

"ఒక వానకాలం ఉప్పుగూడ దిక్కు పట్టా మీద సన్నటి పగులు గనవడ్డది నాకు. నా కండ్లే మోసం జేసినయేమో, వచ్చేటప్పుడు మళ్ళ సూద్దమనుకొని ముంగటికి వోయిన. నాల్గడుగులేసిన గని కాళ్ళు వడలె. మళ్ళొచ్చి ఎర్రజెండ వెట్టి బండి ఆపిన. మేస్త్రి వచ్చి సూసిండు. పగులు గాదు, ఉత్త గీత."

"నవ్విన్రా?"

"నవ్వరా మరి? నెలరోజులు నవ్విన్రు. నాకైతే ఆ దినం మస్తు నిద్ర వట్టింది."

ఆ రోజే సుజన క్రాంతి బల్ల దగ్గరికి వెళ్ళింది. కూర్చోకుండా నిలబడే చెప్పింది. క్రాంతి సీడీ తీసుకుని అద్దం దృశ్యాన్ని రెండుసార్లు చూశాడు.

"నేనూ చూడలేదు కదండీ," అన్నాడు. "మీ బొమ్మలన్నీ నేనే ఖాయం చేశాను. తప్పు మీ ఒక్కరిది కాదు."

"ఇప్పుడు ఏం జేద్దాం సార్?"

"డిస్కులు అచ్చుకి వెళ్ళాయో లేదో తెలీదు. ఇప్పుడే ఈమెయిల్ రాస్తాను. అయితే అక్కడ వారం రోజులు సెలవులు. జవాబు ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఈలోపు శనివారం, గేమ్ ముందుగా అందిన పాత్రికేయుల సమీక్షలు వచ్చేస్తాయి."

అతను కోప్పడకపోవడంతో ఆమెకు ఏడుపొచ్చింది. బాత్రూంలోకి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చి, వేరే పాత్ర బొమ్మలు గీస్తూ కూర్చుంది. ఆ మధ్యాహ్నం డబ్బాలోని అన్నం మొత్తం తినేసింది.

శనివారం స్టూడియోకి సెలవు. ఉదయం పదింటికి స్టేషన్ ఎదురు సందులో ముబీన్ భాయ్ ఇంటర్‌నెట్ సెంటర్ తలుపు తీస్తుంటే సుజన అప్పటికే మెట్ల మీద ఉంది.

"ఏంది చెల్లే, రిజల్ట్సా?" అన్నాడు ముబీన్ భాయ్ కూలర్‌లో నీళ్ళు పోస్తూ.

"గసుంటిదే భాయ్."

"ఫికర్ నక్కో. పాస్ అయితవ్."

మొదటి సమీక్ష దొరికింది. పదికి ఆరు మార్కులు. యానిమే చూడనివాళ్ళకు కథ అర్థం కాదు, చూసినవాళ్ళకు కొత్తగా ఏమీ లేదు అని రాశాడు. పాత్రలు తక్కువన్నాడు. అవ్వ పేరు ఎక్కడా లేదు. సుజన ఊపిరి వదిలి రెండోది తెరిచింది. దానికి ఎనిమిది మార్కులు. కింద అవ్వ గొలుసు విసురుతున్న బొమ్మ ఉంది. ఆ సెంటర్లో నెట్ నిదానం, బొమ్మ పైనుంచి కిందికి గీత గీతగా దిగుతోంది. ముందు తెల్లటి కొప్పు వచ్చింది. తర్వాత ముఖం. భుజాలు. సుజన చూడలేక కళ్ళు మూసుకుని, మనసులో ముప్పై దాకా లెక్కపెట్టి తెరిచింది.

కుడి చేయి నున్నగా ఉంది. మచ్చ ఎడమ చేతికి ఉంది.

నమ్మకం కుదరక కుర్చీలో తన చేతులు తనే ఎత్తి చూసుకుంది. అవ్వ ఎటు తిరిగి ఉందో చూసి, మళ్ళీ ఎడమ చెయ్యి ఎత్తింది.

"క్యా హువా?" అన్నాడు ముబీన్ భాయ్.

"ఇది ఎడమదే గదా భాయ్?"

"ఎడమదే. ఎందుకు?"

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఆపలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. సమీక్షలో ఒక వాక్యం ఉంది: ముసలి యోధురాలు ఎటు తిరిగినా మచ్చ తన చేతిని వదిలిపోలేదు, ఎవరో ఓపిగ్గా రెండుసార్లు గీశారు. ఆమె దాన్ని మూడుసార్లు చదివి క్రాంతికి ఫోన్ చేసింది.

"నేనే చేద్దామనుకుంటున్నాను," అన్నాడు క్రాంతి. "ఇప్పుడే జవాబొచ్చింది. మనం పంపిన వారంలోనే వాళ్ళ తనిఖీలో కనిపెట్టేశారట. మీరు మచ్చను కంప్యూటర్లో వేరే పొరగా గీశారు కదా, రెండు రోజుల్లో ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చేశారట. మనకు చెప్పడం మర్చిపోయామని క్షమాపణలు కూడా రాశారు."

"అంటే నేను సీడీ చూసేటప్పటికే..."

"అప్పటికే సరైపోయిందండీ."

పది రోజుల బాధ ఉత్తిదేనని తెలిసినా ఆమెకు కోపం రాలేదు. ఒళ్ళంతా తేలికగా, కొంచెం నీరసంగా ఉంది. మెచ్చుకోలులో సగం టోక్యోలో పేరు తెలియని ఎవరికో చెందుతుందని తోచింది. మిగతా సగం తనదే. మూడో సమీక్ష కూడా చదివి, దాన్ని కాగితం మీద అచ్చు తీయించుకుని ఇంటికి వెళ్ళింది.

డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న తండ్రికి గుమ్మం దగ్గరే అంతా చెప్పింది. "దేవునికి స్తోత్రం," అని ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "గా కాయిదం ఏంది?"

"ఇంకొకాయన రాసిండు. ఏడు మార్కులిచ్చిండు. గని అవ్వ మరీ నిదానంగ నడుస్తదట, ఆమెతోని ఆడుతుంటే ఇసుగొస్తదట."

ఇశ్రాయేలు తువ్వాలు భుజాన వేసుకుని కాగితం చేతిలోకి తీసుకున్నాడు. ఇంగ్లీషు చదవడం రాకపోయినా దాన్ని గుర్రుగా చూశాడు.

"ముసలామె గాదు? గొలుసు మోసుకుంట ఎట్ల ఉరుకుతది? ఏం తెలుసు ఈయనకు!"

"గదే బాపూ," అంటూ సుజన కంచాలు పెట్టడానికి లోపలికి వెళ్ళింది.