లైన్ క్లియర్

లైన్‌మన్ నిచ్చెన భుజానికెత్తుకునేసరికి కుళాయి దగ్గర గొడవ మొదలైంది. "లైన్లో రావమ్మా! నీ ఒక్కదానిదేనా బిందె?" అని ఎవరో అరుస్తున్నారు. ఆయన ఉండేది ఒకదానికొకటి అతుక్కున్న లైన్ ఇళ్లలో చివరిది. లైన్ అనే మాట తీసేస్తే ఆయన బతుకులో సగం మాటలు పోతాయి. పెళ్ళికి ముందు స్తంభం మీద నుంచే తనకు లైన్ వేశాడని భార్య ఇప్పటికీ దెప్పుతుంది. మీ అమ్మాయి ఏ లైన్లో చదువుతోందని ఎవరైనా అడిగితే, "నా లైన్ మాత్రం కాదు, బతికిపోయింది" అంటాడాయన.

భార్య టిఫిన్ డబ్బా సంచిలో పెడుతూ ఆగింది. "ఈ పూటైనా మీ తమ్ముణ్ణి అన్నానికి పిలవండి. రేపు రిటైరయ్యాక ఇంక ఏ వంకతో మాట్లాడతారు?"

"చూద్దాంలే."

"ఎన్నేళ్ళనుంచి చూస్తున్నారు!"

ఆయన గుండెల మీద అరచేత్తో రుద్దుకున్నాడు. రాత్రంతా అక్కడేదో బరువుగా ఉంది. గ్యాసే అనుకున్నాడు, ఆమెకు చెప్పలేదు.

తమ్ముడు సబ్‌స్టేషన్లో ఆపరేటరు. కరెంటు ఆపేదీ వదిలేదీ అతనే. ఎవరైనా స్తంభం ఎక్కాలంటే ముందు అతనికి ఫోన్ చేసి లైన్ క్లియర్ తీసుకోవాలి. పని అయ్యాక తీసుకున్నవాడే మళ్ళీ ఫోన్ చేసి తిరిగివ్వాలి. అంతవరకు దేవుడు దిగివచ్చి అడిగినా కరెంటు వదలకూడదు. తమ్ముడు ఒక్కసారి వదిలాడు. పై అధికారి ఫోన్లో గద్దించేసరికి, అన్న దిగిపోయే ఉంటాడులే అనుకున్నాడు. అన్న దిగలేదు. ఎడమచేతి రెండు వేళ్ళు కాలి, కొనలు మొద్దులైపోయాయి.

ఆయన తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనలేదు. ఆసుపత్రి నుంచి వస్తూ దారిలో ఒక ఇత్తడి తాళం కొన్నాడు, అంతే. అప్పటినుంచి తమ్ముడు లైన్ క్లియర్ ఇచ్చినా సరే, వీధి మొదట్లో ఉన్న, కరెంటు తెంపే స్విచ్ కిందికి దించి, దానికి ఆ తాళం వేసి, చెవి జేబులో పెట్టుకుంటేగానీ స్తంభం ఎక్కలేదు. తిట్టి ఉంటే తమ్ముడు పడేవాడేమో. తాళం మాత్రం పడలేకపోయాడు. అన్న గడప తొక్కడం మానేశాడు. అన్నదమ్ముల మధ్య మిగిలింది ఫోన్లో ఆ రెండు ముక్కలే.

మధ్యాహ్నం మిల్లు వీధిలో పగిలిన పింగాణీ ఇన్సులేటరు మార్చే పని పడింది. స్విచ్ దగ్గరికొచ్చి సంచిలో చెయ్యి పెట్టాడు. తాళం చల్లగా తగిలింది. కాసేపు అలాగే నిలబడి, చెయ్యి బయటికి తీసి ఫోన్ చేశాడు.

"మిల్లు వీధి. లైన్ క్లియర్ కావాలి."

"ఇచ్చాను."

ఎప్పుడూ అక్కడితో అయిపోయేది. ఆయన ఫోన్ పెట్టలేదు. "స్విచ్ దించలేదురా. తాళం సంచిలోనే ఉంది."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "దించన్నా. వెళ్ళి దించు ముందు."

"నువ్వున్నావుగా," అన్నాడాయన. "సాయంత్రం ఇంటికి రా. మీ వదిన ఎదురు చూస్తుంది."

జవాబు వినడానికి ధైర్యం చాలక పెట్టేశాడు.

నిచ్చెన ఆనించి మెల్లగా ఎక్కాడు. మొద్దు వేళ్ళతో నట్టు పట్టుకుని, కుడిచేత్తో బిగించాడు. కొత్త పింగాణీ ఎండకు తళతళలాడింది. పని బాగా కుదిరింది, మనసు కూడా తేలికపడింది. కిందికి దిగాక చెమట ధారగా కారింది. స్తంభానికి వీపు ఆనించి కూర్చుని, ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. కాస్త ఊపిరి తీసుకుని చెబుదామనుకున్నాడు.

సబ్‌స్టేషన్‌కి ఫోన్ రాలేదు. తమ్ముడు చేస్తే ఎత్తలేదు. ఇంతలో మిల్లువాళ్ళు ఫోన్ చేశారు, వాళ్ళ తరువాత అధికారి.

"ఇంతసేపా! దిగిపోయే ఉంటాడు. వదిలెయ్."

అదే మాట. ఆనాడు తమ్ముడు తనకు తాను చెప్పుకున్నదే. "మా అన్న చెప్పాలండీ. ఆయన చెప్పేదాకా వదలను."

"ఉద్యోగం చెయ్యాలని లేదా?"

"లేదనుకోండి."

కరెంటు వదిలే బ్రేకర్ గదికి తాళం వేసి, చెవి జేబులో వేసుకుని బండి ఎక్కాడు.

అన్న స్తంభానికి ఆనుకునే ఉన్నాడు, నిద్రపోతున్నట్టే. ఫోన్ ఒళ్ళో ఉంది. తమ్ముడు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు, గుండె మీద చెవి పెట్టి విన్నాడు. తరువాత ఆ మొద్దు వేళ్ళను రెండు చేతులతో పట్టుకుని, చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. ఏ గాయమూ లేదు. కరెంటు కాదు, గుండె. ఆ మాట తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకున్నా ఏడుపు ఆగలేదు.

జనం పోగయ్యారు. ఎవరో ఇంటికి కబురు చెయ్యడానికి పరుగెత్తారు. తమ్ముడు లేచి, సంచిలోంచి తాళం తీశాడు. అరిగిన ఇత్తడి, చెవి దానికే ఉంది. వీధి మొదటికి నడిచి స్విచ్ కిందికి దించాడు, తాళం వేశాడు, రెండుసార్లు లాగి చూశాడు. తిరిగొచ్చి చెవి అన్న చొక్కా జేబులో పెట్టి, జేబు గుండీ పెట్టాడు.

"వదిన వచ్చేదాకా ఎవరూ కదపకండి," అన్నాడు.

మిల్లు సాయంత్రం దాకా ఆడలేదు. వీధి మొదట్లో స్విచ్‌కి ఆ తాళం ఎండలో వేడెక్కుతూ వేలాడింది.