రెండోదానికి నిద్రపో

"మొదటిది చూడు. రెండోదానికి నిద్రపో. లోపల చల్లగా ఉంటుంది." టికెట్టు చింపి, కిటికీ కన్నంలోంచి బయటికి తోస్తూ అంది సొగిమ్.

చియాయీ పట్నంలో ఆ పాత హాల్లో ఒకే టికెట్టు మీద రెండు సినిమాలు. పెద్ద హాళ్ళలో ఆడి అలిసిపోయిన బొమ్మలు చివరికి అక్కడికి చేరతాయి. పొద్దున లోపలికి పోయినవాడు రాత్రిదాకా కూచున్నా అడిగే నాథుడు లేడు. రెండింట్లో ఏది చూడాలో, దేనికి కునుకు తీయాలో చెప్పేది మాత్రం సొగిమ్. బొమ్మ మారే రోజు పొద్దున్నే ఖాళీ హాల్లో రెండూ చూసేసి, కిటికీ తలుపు తీసేసరికి తీర్పు సిద్ధం చేసుకునేది. ఒకసారి అన్న మాట మళ్ళీ వెనక్కి తీసుకున్నది లేదు.

పొట్టి మనిషి. మెడ చుట్టూ తడి తువ్వాలు. ఏళ్ళ తరబడి కన్నం వైపు వంగి వంగి ఎడమ భుజం కిందికి జారింది. ఇచ్చిన ప్రతి నోటునీ వెలుతురుకి పట్టి చూస్తుంది. గుమ్మం దగ్గర టీ నీళ్ళలో ఉడకేసిన టీ గుడ్లు అమ్మే ఆమె నిన్నటి గుడ్లు కలుపుతోందని అనుమానం. వయసులో ఉన్నప్పుడు ఒకడు తన ముందు కూచుని కన్నీళ్ళు పెట్టుకుంటే నమ్మి పెళ్ళి చేసుకుంది. వాడు రేవుకి పనికని వెళ్ళి మళ్ళీ రాలేదు. అప్పటినుంచీ తెరమీద ఏడ్చే మగాళ్ళనీ నమ్మదు. ఏడుపు కంటే ముందు వయొలిన్ వచ్చిందంటే ఆ సినిమా మోసమని ఆమె లెక్క.

ఈ వారం మొదటిది 'రెండు కత్తుల వదిన'. కత్తులు తుప్పువే అయినా వదిన గట్టిది, చూడొచ్చు. రెండోది 'తెల్ల నేల', ఉప్పు మడుల్లో పనిచేసేవాడి కథ. సగంలో చచ్చిపోయిన తల్లి తర్వాత లేచొచ్చి గంజి కాస్తుంది. "ఏదో కొత్తరకం తెలివితేటలు. డబ్బులిచ్చి మతి పోగొట్టుకోవద్దు," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేసింది.

అందరూ విన్నారు, ఒక్క ముసలాయన తప్ప. వెదురు టోపీ, ఎండకి నల్లగా కమిలిన మెడ, పగుళ్ళు పట్టిన మడమలు. వారం నుంచీ రోజూ వస్తున్నాడు. ఏది బాగుందని అడుగుతాడు, చెప్పింది విని తలూపుతాడు. తీరా వదిన కత్తి దూసేసరికి గుర్రుపెట్టి, 'తెల్ల నేల'కి లేచి కూచుంటాడు. సొగిమ్‌కి కడుపు మండిపోయింది. ఆ వెంటనే భయమూ పట్టుకుంది. నా జీతం తింటూ నా బొమ్మనే తిడతావా అని యజమాని మొన్ననే కసిరాడు. ఈ ముసలాడు ఆయన పెట్టిన మనిషి కాదు కదా?

రేపు బొమ్మలు వేరే ఊరికి పోతాయి. ఇవాళే తేల్చుకోవాలి. మధ్యాహ్నం గుడ్ల ఆమెని కిటికీలో కూచోబెట్టి, టార్చిలైటు పట్టుకుని వెళ్ళి ఆయన వెనక వరసలో కూచుంది.

'తెల్ల నేల' మొదలవగానే ముసలాయన టోపీ తీసి ముందు కుర్చీ కొమ్ముకి తగిలించాడు. కాసేపటికి తెరమీద ఉప్పు కుప్పలు తళతళలాడాయి. ఆ తర్వాత ఎండిన మడుల్లోకి నీళ్ళు వదిలారు. ఆయన విసురుగా టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. సొగిమ్ వెంటపడి వసారాలో అడ్డం నిలబడింది.

"ఆగండి బాబాయ్. ఎవరు పంపారు మిమ్మల్ని?"

"ఎవరు పంపుతారమ్మాయ్? నా అంతట నేనే బస్సెక్కి వచ్చా."

"నేను బొమ్మని తిడుతున్నానా లేదా అని చూసి రమ్మన్నాడు కదూ మా యజమాని?"

ఆయన బోసినోటితో నవ్వాడు. "తిట్టినా తప్పులేదులే. ఉప్పు తేలి కుప్ప పోశాక మడికి నీళ్ళు పెట్టడమేంటి? ఎక్కడన్నా ఉందా? ఆ బొమ్మలోది మా మడే. వాళ్ళు సినిమా తీసేటప్పుడు నీళ్ళు వదిలింది నేనే. వరసగానే వదిలా. ఇప్పుడా మడి పూడ్చేశారు, పైన షెడ్లు లేచాయి. నీళ్ళు రావడం, ఉప్పు తేలడం సరిగ్గా ఒక్కసారి చూద్దామని వస్తున్నా. చదువుకున్నోళ్ళు, అట్లాగే తీశారేమోలే."

సొగిమ్‌కి అప్పుడు తట్టింది. చచ్చిన తల్లి, గంజి, అవీ వెనకాముందే. గబగబా మెట్లెక్కి ప్రొజెక్టరు గదిలోకి పోయింది.

"డబ్బా మీద ఏ అంకె ఉంటే అదే వేశానక్కా," అన్నాడు ఆపరేటర్ అబాన్. "రీలు ముందుండే అంకె ముక్క ఎప్పుడో తెగిపోయింది." ఇద్దరూ రీళ్ళు దీపానికి పట్టి చూశారు. వెనకటి ఊరి హాల్లో ఎవరో రెండు డబ్బాల మూతలు అటూఇటూ మార్చి పెట్టేశారు.

"వారం నుంచీ ఒక్కడూ గొడవ చేయలేదేంట్రా?"

"చూసిందెవరు? నిద్రపొమ్మన్నది నువ్వే కదక్కా."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. అందర్నీ అనుమానించిన మనిషి ఆ డబ్బాలని అనుమానించలేదు. కిందికొచ్చి ముసలాయన చెయ్యి పట్టుకుంది. "సాయంత్రం ఆటకి ఉండండి బాబాయ్. సరిగ్గా వేయిస్తా." రెండు టీ గుడ్లు కొని చేతిలో పెట్టింది. మంచివే ఇమ్మని ఆ గుడ్ల ఆమెకి మరీ మరీ చెప్పింది.

సాయంత్రం కిటికీలో మాట మారింది. "మొదటిది నీ ఇష్టం. రెండోది చూడు."

"పొద్దున నిద్రపొమ్మన్నావు కదా పిన్నీ?" అన్నాడు టికెట్టు కొంటున్న కుర్రాడు.

"పొద్దున తప్పు చెప్పా. పో, పోయి చూడు."

'తెల్ల నేల' పడ్డాక తలుపు దగ్గర నిలబడింది. తల్లి బతికే ఉంది, గంజి కాసింది. మడుల్లోకి నీళ్ళొచ్చాయి, వాటిలో ఆకాశం కనిపించింది. తర్వాత నెమ్మదిగా ఉప్పు తేలింది. ఆ తర్వాతే తల్లి పోయింది. వయొలిన్ లేదు. సొగిమ్ తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని ఆయన వైపు చూసింది. టోపీ ముందు కుర్చీ కొమ్ముకే ఉంది. ఈసారి పెట్టుకోలేదు. ఆమెకి సంతోషంతో ఒళ్ళు తేలికైంది.

దీపాలు వెలిగాయి. జనం ఒళ్ళు విరుచుకుంటూ వెళ్ళిపోయారు. ఆయన లేవలేదు. నిద్రపోయాడేమోనని భుజం మీద చెయ్యి వేసింది. చల్లగా తగిలింది. అబాన్ వీధి చివర డాక్టరు కోసం పరిగెత్తాడు. ఇక చేసేదేమీ లేదని డాక్టరు చెప్పాక, నలుగురు కలిసి ఆయన్ని బయటికి మోసుకుపోయారు.

"పాపం, నీళ్ళు చూశాకే పోయాడంటావా? ముందే పోయాడో ఏమో," అంది గుడ్ల ఆమె.

"చూశాడు," అంది సొగిమ్. ఆ అనుమానం తనకీ వచ్చింది. కానీ ఇన్నేళ్ళకి మొదటిసారి ఒకదాన్ని అనుమానించడానికి ఆమెకి మనసొప్పలేదు.

హాల్లో దీపాలు ఆర్పబోతూ ఆగింది. ముందు కుర్చీ కొమ్ముకి వెదురు టోపీ ఇంకా వేలాడుతూనే ఉంది, అంచు చుట్టూ ఉప్పు తెల్లగా పేరుకుని.